అంగడి పాము – దాని జబ్బు

కాణిపాకమున వరసిద్ధి వినాయకుని దర్శించుకొని, ఆ పిమ్మట చెంతనే యున్న మణికంఠేశ్వరస్వామి కోవెలలో అడుగిడిన యాత్రికునకు, ఆ ఆలయమున దేవతాసర్పమొకటి సంచరించుచుండునని చెప్పు స్థానికులు తప్పక తారసపడుదురు. బాహుదానదీ తీరమున చెరకుతోటల నడుమను మామిడితోపుల నడుమను జీవించు ఈ సీమజనులకు పాముతోడి పరిచయము నిన్నమొన్నటిది కాదు. శ్రీకాళహస్తిలో కాలుడను సర్పము మణులతో శివుని అర్చించి ముక్తినొందెనని స్థలపురాణము. కార్తీకమాసమున నాగులచవితినాడు ఊరివెలుపలి పుట్టకడ పాలు, చలిమిడి చేతబట్టిన స్త్రీలు బారులు తీరుదురు. వేరుసెనగ చేనిలో జెర్రిపోతు కంటబడినచో, అది ఎలుకలకు వైరి యని యెరిగిన రైతు దాని దారిని దానిని పోనిచ్చుటయు గలదు. మ్రొక్కుట, వెఱచుట, కర్ర యెత్తుట – ఈ మూడు విద్యలును మనకు చక్కగా అబ్బినవే. వెలయిచ్చి అంగడిలో పామును కొని, అద్దాల పెట్టెలో నుంచి, పేరుపెట్టి పెంచుకొనుట యను నాల్గవ విద్య మాత్రము ఈ తరమున క్రొత్తగా ప్రవేశించినది. పామును తెచ్చుకొనుట తెలిసినవారికి, అది జబ్బుపడిననాడు ఏమిచేయవలెనో తెలియకపోవుటయే ఈ వ్యాసమునకు హేతువు.

నగరముల పెంపుడు జంతువుల అంగళ్ళలో నేడు దొరకునవి ముఖ్యముగా రెండు జాతులు. ఒకటి బాల్ పైథాన్. ఘానా, టోగో, బెనిన్ మొదలగు ఆఫ్రికా దేశములది. భయపడినప్పుడు తలను నడుమ దాచుకొని ఉండవలె చుట్టుకొనుటచేత దానికా పేరు వచ్చినది. రెండవది ఉత్తర అమెరికాకు చెందిన కార్న్ స్నేక్. రెండును విషము లేనివి, శాంతస్వభావము గలవి, రంగురంగులుగా పెంపకములో పుట్టించుటకు అనువైనవి. ఇవి మన సీమకు చేరు మార్గము మాత్రము ఎల్లప్పుడును శాంతమైనది కాదు. 2023 ఏప్రిల్ 28వ తేదీన కౌలాలంపూరు నుండి చెన్నై విమానాశ్రయమున దిగిన యొక ప్రయాణికురాలి సామానులో కస్టమ్సు అధికారులు 22 పాములను, ఒక ఊసరవెల్లిని పట్టుకొనిరి. చెన్నై నుండి చిత్తూరునకు బస్సులో నాలుగు గంటల ప్రయాణమేకదా! అట్లు డబ్బాలలోను సంచులలోను కుక్కబడి, నీరులేక, చలికి వేడికి తల్లడిల్లి వచ్చిన జీవి అంగడి అద్దములో నిగనిగలాడుచు కనబడినను, లోపల రోగబీజము నాటుకొని యుండుట అరుదు కాదు.

"ఇది యాడ పుట్టిందినా?" అని కుర్రవాడడుగును. "మన దగ్గర పుట్టిందే తమ్ముడూ, దిగులు పడొద్దు" అని అంగడివాడు బదులిచ్చును. చిత్తూరు సీమలో ఎదుటివాని మాటపై నమ్మకము కుదరనప్పుడు "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అనుట పరిపాటి, కోనేట మునిగి స్వామి యెదుట అబద్ధమాడినవాడు బాగుపడడని ఇచటి విశ్వాసము. పాములవర్తకుని కోనేటిదాక తీసికొనిపోవుట సాధ్యము కాదు గనుక, కాగితములే ప్రమాణము కావలెను. 2018లో వెలువడిన పెంపుడు జంతువుల దుకాణముల నియమావళి ప్రకారము అట్టి దుకాణము రాష్ట్ర జంతుసంక్షేమ మండలి వద్ద నమోదై యుండవలెను. జబ్బుతో నున్న జంతువును అమ్మరాదు. బాల్ పైథాన్ అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒడంబడిక యొక్క రెండవ అనుబంధములో నున్నది. అట్టి జంతువును ఉంచుకొన్నవారు, 2022లో సవరింపబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని ననుసరించి 2024లో వచ్చిన నియమములను బట్టి, పరివేష్ అను ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా దానిని నమోదు చేయించవలెను; అది పిల్లలు పెట్టినను, చేతులు మారినను, చచ్చినను తెలియజేయవలెను. మన దేశపు పాముల విషయము వేరు. నాగుబాము గాని, జెర్రిపోతు గాని, కొండచిలువ గాని, అదృష్టము తెచ్చునని మోసగాండ్రు లక్షలు చెప్పి అంటగట్టు రెండుతలల పాము గాని కొనుట, అమ్ముట, ఇంట నుంచుట నేరములు. వానికి నమోదు లేదు, కారాగారమే కలదు. రెండుతలల పామునకు నిజముగా రెండు తలలు లేవనియు, తోక మొద్దుగా నుండుటచే అట్లు భ్రమ కలుగుననియు తెలిసియు దానిని కొనువారిని జూచి జాలిపడవలెనో నవ్వవలెనో తెలియదు.

ఇక రోగము మాట. పాము తన దేహమున తానై వేడి పుట్టించుకొనలేదు. పరిసరముల వేడియే దాని వేడి. ఆహారము జీర్ణమగుటయు, రోగమును ఎదుర్కొను శక్తియు, తుదకు సూదిమందు పనిచేయుటయు ఆ వేడిమిపైననే ఆధారపడియుండును. కావున పాము జబ్బును విచారించువాడు మొదట పామును గాక పెట్టెను పరీక్షింపవలెను. బాల్ పైథానునకు పెట్టెలో ఒకవైపు 31 నుండి 33 డిగ్రీల సెల్సియస్ వేడియు, రెండవవైపు 25 నుండి 27 డిగ్రీల చల్లదనమును ఉండి, అది తన యవసరమును బట్టి ఇటునటు జరుగుటకు వీలుండవలెను. గాలిలో తేమ నూటికి 50, 60 వంతులుండవలెను. తల దాచుకొనుటకు ఇరుకైన చీకటిగూడు రెండువైపులను ఉండవలెను. మార్గశిర పుష్యమాసములలో చిత్తూరు పరిసరముల రాత్రులు చల్లబడినప్పుడు, ఏ యేర్పాటును లేని పెట్టెలోని పాము తిన్న ఎలుకను అరిగించుకొనలేక మూడవనాడో నాల్గవనాడో క్రక్కివేయును. అది చూచి భయపడిన యజమాని మరునాడే మరియొక ఎలుకను అందించును, అదియు వెడలివచ్చును. దానికి కావలసినది రెండవ ఎలుక కాదు, వెచ్చదనమును, పది పదునైదు దినముల విరామమును. వేసవి నలుబది డిగ్రీలలో మిద్దెమీది గదిలో ఉంచిన పెట్టె దీనికి వ్యతిరేకమైన ప్రమాదము. వేడినిచ్చు పరుపునకు ఉష్ణనియంత్రకము తగిలింపకున్నచో పాము పొట్ట కాలిపోవుచున్నను అది అచటినుండి కదలకపోవచ్చును. వెచ్చదనమును వెదకు జీవికి కాలుట ఎక్కడ మొదలగునో చటుక్కున తెలియదు.

తినకపోవుట యెల్లప్పుడును రోగము కాదు. కుబుసము విడుచుటకు ముందు కన్నులు నీలిపొర క్రమ్మి మసకబారును. ఆ దినములలో పాము ముట్టదు, ముట్టనీయదు. బాల్ పైథాన్లు చలికాలమున నెలల తరబడి ఉపవాసముండి బరువు తగ్గక హాయిగా నుండుట కలదు. అందుచేత వంటయింటి త్రాసు వంటిది యొకటి దానికై ప్రత్యేకించి వారమువారము తూచి వ్రాసిపెట్టుకొనుట అన్నిటికంటె మేలైన పరీక్ష. బరువు తగ్గుచు, వెన్నెముక పైకి తేలి, ప్రక్కలు చిక్కిపోవుచున్నచో అది ఉపవాసము కాదు, వ్యాధి. కుబుసము ముక్కలుముక్కలుగా వచ్చి కొంత దేహమునకు అతుకుకొనియుండుట గాలిలో తేమ చాలమికి చిహ్నము. గోరువెచ్చని నీటిలో కొంతసేపు ఉంచి తడిగుడ్డ నడుమ ప్రాకనిచ్చినచో చాలవరకు ఊడివచ్చును. కంటిపై నిలిచిన పొరను మాత్రము గోటితోగాని చిమటాతోగాని లాగరాదు. పామునకు రెప్పలు లేవు. కన్నును కాపాడు పారదర్శక కవచమును పొరయనుకొని లాగినచో కన్నే పోవును.

నీటిగిన్నెలో గంటలకొలది మునిగియుండు పామును చూచి స్నానప్రియమని మురిసిపోవువారు కలరు. ఆ నీటి యడుగున ఆవగింజలో సగమైన లేని నల్లని పురుగులు కనబడునేమో చూడవలెను. అవి రక్తము పీల్చు నల్లులవంటి జాతి. పొలుసుల సందులను, కంటి అంచులను పట్టుకొని వేధించును, ఒక పామునుండి మరియొకదానికి రోగములను మోయును. అంగడిపాములకు సాధారణముగా తోడువచ్చు అతిథు లివియే. మన యిండ్లలో ఆవులకు పట్టిన పిడుదులను చంపు మందు సీసా ఏదో యొక గూటిలో ఉండనేయుండును. దానిని మోతాదు తెలియక పామునకు పూసినచో పురుగులతోపాటు పామును చచ్చును. పెట్టెలోని పీచు, రంపపుపొట్టు తీసివేసి, పాతకాగితము పరచి, పెట్టెను వేడినీటితో కడిగి, మందు విషయము వైద్యునకు విడిచిపెట్టుట ఉత్తమము.

ఊపిరితిత్తుల జబ్బు అన్నిటికంటె మోసకారి. కార్న్ స్నేక్ వంటి పాములలో ఎడమ ఊపిరితిత్తి పేరునకు మాత్రమే యుండును. కొండచిలువ జాతిలో రెండున్నను ఎడమది చిన్నది. మనవలె దగ్గి కఫమును వెడలగొట్టుటకు వానికి తగిన కండరములు లేవు. కఫము లోపలనే నిలిచిపోయి, పాము తలయెత్తి నోరు తెరచి శ్వాసించుట, ముక్కుపుటముల బుడగలు, సన్నని ఈలశబ్దము పుట్టుసరికి రోగము ముదిరియే యుండును. నోటి చిగుళ్ళు ఎఱ్ఱబారి, పెరుగు తరకలవంటి చీము చేరుట మరియొక రోగము. ఇవి రెండును ఇంటివైద్యమునకు లొంగునవి కావు. పసుపు, వేపనూనె, మనుష్యుల మాత్రల చూర్ణము వీనికి మందులు కావు. తల మెలితిరిగి ఆకాశమువైపు నిక్కుట, వెల్లకిల వేసినప్పుడు తిరుగబడలేకపోవుట కనబడినచో, బోవాలకును పైథాన్లకును వచ్చు ఒకానొక వైరస్ వ్యాధిని శంకింపవలెను. దానికి చికిత్స లేదు. అందుచేతనే ఇంట మరియొక పాము ఉన్నవారు క్రొత్తదానిని కనీసము రెండు మూడు నెలలు వేరుగదిలో ఉంచి, దాని పనులు చివర చేసి చేతులు కడుగుకొనవలెనని తెలిసినవారు చెప్పుదురు.

వైద్యుడెక్కడ? ఊరి పశువైద్యశాల ఆవులకు, గొఱ్ఱెలకు ఏర్పడినది. అచటి డాక్టరుగారు పామును చూచి వెనుకంజ వేసినచో ఆయనను తప్పుపట్టరాదు. తిరుపతిలో 1955లో వెలసిన పశువైద్య కళాశాల 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయములో భాగమై యున్నది. చెన్నై వేపేరిలో 1903 నాటి మద్రాసు పశువైద్య కళాశాల కలదు. బయలుదేరుటకు ముందే ఫోనుచేసి సరీసృపములను చూచు వైద్యుడెవరో, ఏ దినమున ఉందురో కనుగొనుట వృథాప్రయాణమును తప్పించును. పామును మెత్తని గుడ్డసంచిలో నుంచి మూతికట్టి, ఆ సంచిని గాలిరంధ్రములుగల డబ్బాలో పెట్టి, ఎండపొద్దు కాకుండ తీసికొనిపోవలెను. వెంట తాజా మలము కొంచెము, పెట్టె ఫోటో యొకటి, బరువులు వ్రాసిన కాగితము, పెట్టెలోని ఉష్ణమాపకము చూపిన అంకెలు ఉండినచో, వైద్యుడడుగు ప్రశ్నలలో సగమునకు జవాబు చేతనే యుండును. పాము వెనుకభాగపు రక్తము మూత్రపిండముల గుండా పోవుటచే సూదిమందును దేహపు ముందుభాగముననే వేయుదురు; మందు నెమ్మదిగా అరుగుటచేత రెండు మూడు దినముల కొకమారు చొప్పున వారముల తరబడి సాగును. నాలుగు సూదులకే తేరుకొన్నట్లు కనబడెనని ఆపివేయుట రోగమునకు తిరిగి ఆహ్వానము పంపుటయే.

పాలు పోయవచ్చునా యని తప్పక అడుగుదురు. పాము పాలు త్రాగు జీవి కాదు. పాములవాడు దినములకొలది నీరు చూపక ఎండగట్టిన నాగుబాము దాహము కొలది దేనినైనను త్రాగును. ఆ పాలు ఊపిరితిత్తులలోనికి పోయి జబ్బుచేయును. కోరలు పెరికిన నోటిలో చీముపట్టి, ఆహారము మ్రింగలేక కృశించి చచ్చు నాగులెన్నియో. ఆ బుట్టలోని నాగునకును, ఈ అద్దాల పెట్టెలోని పైథానునకును జబ్బు కలిగించునది ఒకటే: పామునకేమి కావలెనో విచారింపక, తనకు కావలసినదే దానికిని కావలెనని యనుకొను మనుష్యబుద్ధి. పాములను నిజముగా నెరిగినవారి తీరు వేరు. చెన్నై చెంతను వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుళులను గిరిజనుల సహకార సంఘమువారు విషము తీయుటకై పట్టిన పాములను కుండలలో కొన్ని వారములు మాత్రమే ఉంచుకొని, పొట్ట పొలుసులపై గుర్తువేసి మరల అడవిలో విడిచిపెట్టుదురు. తరతరములుగా పాములవలన బ్రదికినవారే వానిని ఎక్కువకాలము దగ్గర నుంచుకొనక పోవుట గమనింపదగినది.

ఇంటివారి ఆరోగ్యము మరువరాదు. ఆరోగ్యముగా కనబడు పాము మలములోను సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి ఉండవచ్చును. అయిదేండ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు అది తీవ్రమైన విరేచనములను, జ్వరమును కలిగింపగలదు. పాము నీటిగిన్నెను వంటయింటి తొట్టిలో కడుగరాదు. పామును తాకిన చేతులను సబ్బుతో కడుగక అన్నమునకు కూర్చుండరాదు. సజీవమైన ఎలుకను పెట్టెలో వదలి నిదురబోవుటయు తగదు. ఆకలిలేని పామును ఆ ఎలుకయే కొరికి గాయపరచును. మంచుగట్టించి నిలువయుంచిన ఎలుకను పూర్తిగా కరిగించి వెచ్చబరచి ఇచ్చుట ఉభయులకును క్షేమము.

చికిత్సకు సొమ్ము చాలక గాని, ఓపిక నశించి గాని, రాత్రివేళ ఏ చెరువుగట్టుననో శేషాచలపు అంచుననో పామును విడిచివచ్చుట కొందరికి సుళువుగా తోచును. పరదేశపు పాము మన అడవిలో ఆకలికి చచ్చుటయో, తన రోగమును ఇచటి పాములకు అంటించుటయో జరుగును. గ్రామస్థుల కంటబడినచో కర్రదెబ్బకు చచ్చును. ఉంచుకొనలేనివారు నమోదు కాగితములతో అటవీశాఖ కార్యాలయమునకు పోయి, విషయము దాచక చెప్పి, దానిని ఎవరికి అప్పగింపవలెనో వారినే అడుగవలెను. పాము చనిపోయినచో కళేబరమును వెంటనే పాతిపెట్టక, మంచుపెట్టెలో నుంచి తిరుపతి కళాశాలలో శవపరీక్ష చేయుదురేమో కనుగొని పంపుట మంచిది. మిగిలిన పామునకు ఏ మందు కావలెనో ఒకొక్కప్పుడు చచ్చినదే చెప్పును.