కోతి చచ్చిన చోటు – పిడుదుల జ్వరం



పిడుదును గురించి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. కొన్ని తావుల గోమారి అంటారు. పశువు చెవిలోనో, పొదుగు ప్రక్కనో పట్టుకొని, నెత్తురు త్రాగి ఆముదపు గింజలా ఉబ్బుతుంది. పశువుకు అది చేసే చెరుపు మీరెరిగినదే. అడవి పిడుదులలో ఒక జాతి మనిషి ప్రాణానికే ముప్పు తెస్తున్నది. ఆ సంగతి చెప్పుకుందాం.

1957లో, అప్పటి మైసూరు రాష్ట్రంలో, షిమోగా జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవిలో కొండముచ్చులు, కోతులు వరుసగా చచ్చిపడ్డాయి. ఆ చుట్టుపట్ల పల్లెల్లో జనానికి తీవ్రమైన జ్వరాలు వచ్చాయి. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రంవారు పరీక్షించి, ఇది అంతవరకు ఎరుగని వైరస్ అనీ, పిడుదులు దానిని మోస్తున్నవనీ తేల్చారు. శాస్త్రజ్ఞులు దీనిని క్యాసనూరు అడవి జబ్బు అన్నారు. అక్కడి రైతులు ‘మంగన కాయిలె’ అంటారు, అంటే కోతి జబ్బు. 2012 మొదలు తమిళనాడు, కేరళ, గోవా, మహారాష్ట్ర అడవులలోను ఇది కనబడింది.

జబ్బు ఎలా వస్తుందో చూడండి. వైరస్ ఉన్న పిడుదు కుడితే కోతికి జ్వరం వస్తుంది. కోతి చచ్చి ఒళ్లు చల్లబడగానే, దానిని పట్టుకొన్న పిడుదులన్నీ నేలకు దిగి ఆకుల్లో చేరతాయి. అటు నడిచిన మనిషిని పట్టుకుంటాయి. కుట్టేవి ఎక్కువగా పిల్ల పిడుదులే. నువ్వుగింజంత కూడా ఉండవు గనుక తెలియదు. డిసెంబరు నుండి మే దాకా వాటి కాలం. మనిషి నుండి మనిషికి ఈ జబ్బు అంటదు. రోగిని వెలివేయవద్దు.

“అడవికి పోకుంటే సరి గదా!” అంటారేమో. మలెనాడులో పోకతోటలకు ఎరువు కావాలి. ఎండుటాకు అడవి నుండే రావాలి. వంటకు కట్టె, పశువుకు మేత కూడా అక్కడివే. ఆ ఆకును కొట్టంలో పరిస్తే పిడుదు ఇంటి ముంగిటికే వచ్చిందన్నమాట. పని మానలేనివారు జాగ్రత్తతో చేయాలి.

అడవికి పోయేటప్పుడు ఒళ్లంతా కప్పే బట్టలు తొడగండి. పంట్లాము అంచులు మేజోళ్లలో దోపండి. పిడుదులను తరిమే నూనె కాళ్లకు, చేతులకు పూసుకోండి. కర్ణాటకలో ఆరోగ్యశాఖవారు ‘డెపా’ అనే నూనె పంచుతున్నారు. ఆకుల మీద కూర్చోవద్దు. ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్లలో వేసి, సబ్బుతో స్నానం చేయండి. పిడుదు పట్టి ఉంటే చిన్న పటకారుతో చర్మానికి ఆనించి పట్టి, నిదానంగా లాగండి. నలపవద్దు, బీడీతో కాల్చవద్దు. పశువుల పిడుదులకు డాక్టరును అడిగి మందు వేయించండి. పశువుకు ఈ జబ్బు రాకున్నా, పెద్ద పిడుదులు దాని నెత్తురుతోనే పెరిగి వేలకొద్దీ గుడ్లు పెడతాయి.

పిడుదు కుట్టిన మూడు నుండి ఎనిమిది రోజులకు చలితో జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తాయి. కొందరికి ముక్కు, చిగుళ్ల నుండి నెత్తురు కారుతుంది. జ్వరం తగ్గి, కొన్నాళ్లకు తిరగబెట్టి, మెదడుకు తగలవచ్చు. నూటికి ముగ్గురు నుండి అయిదుగురు చనిపోతున్నారు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. పాత టీకా సరిగా కాపాడడంలేదని 2022లో ఆపివేశారు. కనుక వేళకు ఆసుపత్రి చేరడమే దిక్కు. అడవికి వెళ్లిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఆస్పిరిన్ వంటి మాత్రలు సొంతంగా మింగవద్దు, నెత్తురు కారడం ఎక్కువౌతుంది.

చివరగా ఒక్క మాట. చచ్చిన కోతిని ముందుగా చూసేది డాక్టరు కాదు, ఆకు ఏరేవారు, పశువులు కాచేవారు. చూస్తే ముట్టవద్దు, పాతిపెట్టబోవద్దు. ఆ చుట్టుప్రక్కల ఆకు తేవద్దు, మంద తోలవద్దు. ఆ రోజే ఆరోగ్య కేంద్రానికో, అటవీశాఖవారికో కబురు పంపండి. వారు చుట్టూ పిడుదుల మందు చల్లించి, పరీక్ష చేయిస్తారు. మనుషులకు జ్వరాలు రాకముందే ఊరు మేలుకొంటుంది.