సహరీ వేళ ఒక మసిగుడ్డ

గత రమజాన్‌లో ఒకనాటి సహరీ వేళ, మా మదరసాలో చదువుకునే ఒక బాలిక నిద్రమత్తులో పొయ్యి మీది పాలగిన్నెను ఓణీ కొంగుతో దింపబోయింది. కొంగు తడిగా ఉంది. వేడి ఒక్కసారిగా అరచేతికి తగలడంతో గిన్నె జారి, పాలు మణికట్టు మీద ఒలికాయి. ఇంట్లోవారు టూత్‌పేస్టు పూయబోతే పొరుగింటి ఖాలా ఆపి, చేతిని చాలాసేపు చన్నీటి ధార కింద పట్టించారు. పది రోజులు ఆ అమ్మాయి సంకోచిస్తూనే ఎడమచేత్తో ఖుర్ఆన్ పుటలు తిప్పుతూ పాఠం అప్పజెప్పింది.

మీ ఇంట్లో మసిగుడ్డ లేదా అని అడిగాము. ఉందట, ఎక్కడుందో ఎవరికీ తెలియదట.

దేగ్చీలకూ కుక్కర్లకూ వేలు వెచ్చించే మనం, వాటిని దింపే చేతికి మాత్రం పాత బనియను ముక్కతో సరిపెడతాము. పొయ్యి దగ్గర నిలబడని మగవారికి ఈ సంగతి తట్టదు. మేమూ వారిలో ఒకరమే.

మా గృహిణి బాలికలకు క్రోషే అల్లిక నేర్పుతారు. ఆ అమ్మాయి చేయి నయమయ్యాక ఆమెతో మొదట అల్లించింది మసిగుడ్డనే. మాకు సూది పట్టడం రాదు. చూసి, అడిగి తెలుసుకున్నది రాస్తున్నాము.

దారం నూలుదే కావాలి. ఆక్రిలిక్ ఉన్ని రంగులతో ఆకర్షిస్తుంది గాని, అధిక వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది. దారం సన్నగా ఉంటే కొన్ని పోగులు కలుపుకోవాలి. 4 లేదా 5 మిల్లీమీటర్ల సూదితో సుమారు ఏడంగుళాల గొలుసు అల్లి, తిరగడానికి ఒక గొలుసు అదనంగా వేసి, ప్రతి కుట్టులోనూ ఒక్కొక్క సింగిల్ క్రోషే వేస్తూ చతురస్రం వచ్చేదాకా వరుసలు పెంచాలి. వరుస వరుసకూ కుట్లు లెక్కపెట్టుకోవాలి. చివరి కుట్టు మరుస్తూ పోతే చతురస్రం కాస్తా త్రికోణమవుతుంది. ఇలాంటివి రెండు అల్లి, ఒకదానిపై ఒకటి ఉంచి అంచులు కలిపి, మూలలో తగిలించే ఉంగరం వేయాలి.

2024లో భౌగోళిక గుర్తింపు పొందిన మన నరసాపురం లేసు అందమంతా దాని సందుల్లో ఉంది. మసిగుడ్డకు సందులే శత్రువులు. వేడి అందులోంచే చేతిని చేరుతుంది. తడిసిన మసిగుడ్డను ఆరేదాకా వాడకూడదు.

ఆరో వరుసలో లెక్క తప్పింది. విప్పమన్నప్పుడు ఆ అమ్మాయి, “గట్టిగా వడికిన నూలును తానే తెంపుకున్న స్త్రీ ఉపమానం నహ్ల్ సూరాలో ఉంది కదా, హజ్రత్?” అని అడిగింది. అది ప్రమాణాలను భంగపరచేవారిని గురించినదనీ, తప్పిన వరుసను విప్పడం తౌబాకు దగ్గరి పని అనీ చెప్పాము. మా జవాబు ఆమెకు పూర్తిగా నచ్చినట్టు లేదు. అయినా విప్పింది.

మదరసాలో అల్లికలేమిటని కొందరు పెద్దలు అన్నారు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) స్వహస్తాలతో పనిచేసి దానధర్మాలు చేసేవారన్న సంగతి వారికి గుర్తుచేశాము. తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

ఈద్ నాటికి ఆ అమ్మాయి పన్నెండు మసిగుడ్డలు అల్లింది. ఇరుగుపొరుగువారు కొన్నారు. ఆ సొమ్మును అన్నగారు తన ఫోను రీచార్జికి తీసుకున్నాడని తెలిసి, అతణ్ణి పిలిపించి నిసా సూరా 32వ ఆయతును భావంతో సహా చదివించాము. పురుషులు సంపాదించినదానిలో వారి భాగం వారిది, స్త్రీలు సంపాదించినదానిలో వారి భాగం వారిది అన్నచోట అతని గొంతు తగ్గింది. మరునాడు డబ్బు తిరిగి ఇచ్చాడు. ఆమె దానితో మళ్ళీ నూలుదారమే కొన్నది. ఈసారి ఎరుపు రంగుది.