‘మీరైతే ఏమి చేస్తారు?’ – ప్రాడక్ట్ మేనేజర్ ఇంటర్వ్యూలో వ్యూహ ప్రశ్న

బి.ఎన్.ఆర్. కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఖరగ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలలో ఉద్యోగమనగానే స్ఫురించేది వర్క్‌షాపు, లోకో షెడ్డు, డివిజన్ కార్యాలయం. ఆ కుటుంబాల మూడవ, నాల్గవ తరం యువతీయువకులు నేడు ఇందాలోని ఇండ్లలో కూర్చుని వేరొక పరీక్షకు సన్నద్ధమవుతున్నారు. సాఫ్ట్‌వేర్ సంస్థలలో ప్రాడక్ట్ మేనేజర్ పదవి వారి లక్ష్యం. వస్తువును తయారుచేసే ఇంజనీర్లకు, దానిని వాడే ప్రజలకు, పెట్టుబడి పెట్టే యాజమాన్యానికి నడుమ నిలిచి, ఏది చేయవలెనో, అంతకంటె ముఖ్యంగా ఏది చేయకూడదో తేల్చే ఉద్యోగమది. తండ్రి పింఛను మీద, తల్లి పొదుపు మీద చదువు సాగించిన అభ్యర్థికి ఆ అరగంట సంభాషణ ఎంత విలువైనదో మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఈ ఇంటర్వ్యూలలో అభ్యర్థులను ఎక్కువగా తడబాటుకు గురిచేసేది వ్యూహ ప్రశ్న. ‘ఈ సంస్థ ఫలానా రంగంలో ప్రవేశించవలెనా? మీరైతే ఏమి చేస్తారు?’ అని అడుగుతారు. దీనికి గైడు పుస్తకంలో సమాధానం దొరకదు.

ఇందాకు కొద్ది దూరంలోనే ఉన్న ఐఐటీలో లోహశాస్త్ర ఇంజనీరింగు అభ్యసించి 1993లో పట్టభద్రుడైన సుందర్ పిచాయ్, 2004 ఏప్రిల్ 1న గూగుల్ సంస్థలో ఇంటర్వ్యూకు హాజరైన ఉదంతాన్ని స్వయంగా చెప్పి ఉన్నారు. జీమెయిల్‌ను ప్రకటించినది ఆనాడే. దానిపై అభిప్రాయమేమని అడుగుతుంటే, అది ఏప్రిల్ ఒకటవ తేదీ పరిహాసమేమోనని ఆయన భావించారట. నాల్గవ అధికారి ‘అసలు మీరు చూశారా?’ అని అడిగి, లేదనగా చూపించారు. ఐదవ అధికారి అడిగినప్పుడు గాని ఆయనకు మాట్లాడే వీలు చిక్కలేదు. చూడని వస్తువుపై అభిప్రాయం కల్పించి చెప్పేవారు మనలో తక్కువేమీ కాదు!

ఆయన తరువాత నిర్వహించిన పనినే అభ్యాస ప్రశ్నగా తీసుకోవచ్చును. వెతుకులాట సంస్థ అయిన గూగుల్ బ్రౌజరు ఎందుకు తయారుచేయాలి? నాడు అత్యధికులు వాడినది మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. అంటే గూగుల్ అంగడికి వచ్చేవారు పోటీదారుని గుమ్మం గుండా రావలసి ఉండెను. 2006లో ఆ బ్రౌజరు ఏడవ రూపం తన సొంత వెతుకు పెట్టెతో వెలువడగా ప్రమాదం స్పష్టమైనది. 2008 సెప్టెంబరులో క్రోమ్ వచ్చినది. బ్రౌజరు అమ్మకం వలన రాబడి లేదు. ప్రకటనల రాబడికి దారి కాపాడుకొనుటయే దాని ప్రయోజనం. ఈ కార్యకారణ సంబంధాన్ని పట్టుకొనగలిగినవానికి ప్రశ్న సగం విడినట్లే.

మన ఇండ్ల పిల్లలకు ఇంకొక అనుకూలత కలదు. ‘స్టేషను కౌంటరు వద్ద టికెట్టు కొనేవారిని యాప్ వైపు మళ్ళించుట ఎట్లు?’ అని అడిగారనుకొందాం. కంఠస్థం చేసినవాడు రాయితీలు, ప్రకటనలు అంటాడు. బుకింగ్ కౌంటరులో పనిచేసిన పెద్దలున్న ఇంటి బిడ్డ మొదట వరుసలో నిలిచినదెవరో ఆలోచిస్తాడు. కూలి డబ్బు చేతిలో ఉన్న వలస కార్మికుడు నగదు తప్ప వేరెరుగడు. ఆన్‌లైన్ టికెట్టుపై సౌకర్య రుసుము ఉన్నది. పైగా చార్టు తయారైన పిమ్మట అందరూ వెయిటింగులోనే మిగిలిన ఈ-టికెట్టు తనంతట రద్దవుతుంది. కౌంటరు టికెట్టు అట్లు రద్దు కాదు. కనుక అడ్డంకి యాప్ రంగులలో లేదు. ఈ మాట చెప్పగలవాడు అప్పుడు ఒక్క వర్గాన్ని ఎంచుకొని, మిగిలినవారిని ప్రస్తుతానికి ఎందుకు వదలుతున్నాడో కూడా చెప్పాలి. ఎంతమంది యాప్‌ను దించుకొన్నారన్నది గాక, ఎంతమంది రెండవసారి అందులోనే కొన్నారన్నది కొలమానం కావాలి.

వదులుకొనుట గురించి తప్పక అడుగుతారు. 2014 మార్చిలో, సత్య నాదెళ్ళ పగ్గాలు చేపట్టిన కొద్ది వారాలకు, మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్‌ను ఐప్యాడ్‌పైకి తెచ్చినది. ఆ పని అంతకుముందే ఆరంభమైనదే. అయినను పోటీ సంస్థ యంత్రంపై తన సరుకు పెట్టుట వలన విండోస్ టాబ్లెట్లకున్న ఒక ప్రత్యేక ఆకర్షణ పోయినది. ఆ నష్టాన్ని ఎందుకు సహించారో రెండు నిమిషాలలో వివరించుట మంచి సాధన.

సాధన ఇంటిలోనే, తెలుగులోనే ఆరంభించుట మేలని నా అభిప్రాయం. ‘మార్కెట్’, ‘వాల్యూ’ వంటి పదాల చాటున దాగిన అస్పష్టత తల్లికి వివరించబోతే బయటపడుతుంది. సంస్థ వార్షిక నివేదికలో ఆదాయం ఏ శాఖ నుండి ఎంత వస్తున్నదో ముందే చదివి ఉంచుకోవాలి. ప్రశ్న విన్న వెంటనే జవాబుకు దిగక, సంస్థ లక్ష్యం రాబడియా, వినియోగదారుల సంఖ్యయా అని అడగవచ్చును. అది తప్పు కాదు. ఇంటర్వ్యూ ఫోనులో గాని కంప్యూటరు తెరపై గాని జరుగునట్లయితే, లెక్కలకు కాగితం వాడవచ్చునా అన్నది కూడా మొదటనే కనుక్కొనవలెను.