పాలు మాని జీడిపాలా? కిడ్నీ రోగులూ.. జాగ్రత్త

పలాస: చెట్టు కాయ నుంచి పాలు తీయడం ఉద్దానానికి కొత్త కాదు. కొబ్బరి కోరి, రుబ్బి, పిండిన పాలతో కూరలు, పాయసాలు వండటం తీరప్రాంత వంటిళ్లలో ఏనాటి నుంచో ఉన్నదే. ఆవు, గేదె పాలను పూర్తిగా మానేసి వాటి స్థానంలో గింజల పాలను గ్లాసులతో తాగాలన్న ఆలోచన మాత్రం ఇటీవలిది. పట్టణ దుకాణాల్లో సోయా, బాదం, ఓట్స్‌తో చేసిన డబ్బాలు కనిపిస్తున్నాయి. జీడిపరిశ్రమకు పేరుపడ్డ పలాస, కాశీబుగ్గల్లో ఆ అవసరమూ లేదు. ముడిసరుకు ముంగిట్లోనే ఉంది. అయితే మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా పీడిస్తున్న కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో ఏ పాలు తాగాలన్నది రుచితో తేలే విషయం కాదు.

జీడిపాల తయారీ సులువు. గుప్పెడు పప్పును నాలుగు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, మంచినీటితో మెత్తగా రుబ్బితే చాలు. వడకట్టాల్సిన పని లేదు. ఖరీదైన గుండు పప్పు అక్కర్లేదు, ముక్క సరిపోతుంది. ఇందులో పిండిపదార్థం ఉండటంతో మరిగిస్తే చిక్కబడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులకు మించి నిలవదు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు ఇందులో లేదు కనుక తోడు వేసినా గేదె పెరుగులా గట్టిగా పేరుకోదు. మజ్జిగ లేనిదే భోజనం ముగియని ఇళ్లకు ఇదే పెద్ద చిక్కు. అన్నట్టు, పలాస మిల్లుల్లో ఆడే జీడిపిక్కలన్నీ ఉద్దానం తోటలవి కావు. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే పిక్కలూ ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఇక్కడి జీడి, కొబ్బరి తోటలను నేలకూల్చిన సంగతి తెలిసిందే.

పోషకాల లెక్కకు వస్తే తేడా పెద్దదే. 200 మిల్లీలీటర్ల ఆవు పాలలో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, 230 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటాయి. 25 గ్రాముల జీడిపప్పుతో చేసిన గ్లాసు పాలలో మాంసకృత్తులు 4 నుంచి 5 గ్రాములు ఉన్నా, కాల్షియం 10 మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. చిక్కటి కొబ్బరిపాలలో ఎక్కువగా ఉండేది కొవ్వే. అందువల్ల ఏడాదిలోపు పసిపిల్లలకు తల్లిపాలకు బదులుగా ఇవేవీ పనికిరావు. పాలు మానిన పెద్దలు కాల్షియం కోసం చోళ్లు, నువ్వులు, ఆకుకూరల వైపు చూడాలి. పాలు తాగితే కడుపు ఉబ్బరించి విరేచనాలయ్యే వారికి గింజల పాలు మంచి మార్గమే. వీరిలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి కూడా. జీడిపప్పు పడని వారు మాత్రం జీడిపాల జోలికి వెళ్లరాదు.

ఇక కిడ్నీ రోగుల సంగతి. జబ్బు ముదిరినప్పుడు మూత్రపిండాలు పొటాషియంను, భాస్వరాన్ని బయటకు పంపలేవు. పరీక్ష కాగితాల్లో ఫాస్ఫరస్ అని కనిపించేది ఈ భాస్వరమే. అది రక్తంలో పెరిగితే దురద పుడుతుంది, ఎముకలు గుల్లబారతాయి. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పి ప్రాణం మీదకు వస్తుంది. గ్లాసు ఆవు పాలలో భాస్వరం 200 మిల్లీగ్రాములకు, పొటాషియం 300 మిల్లీగ్రాములకు చేరువగా ఉంటాయి. అందుకే వైద్యులు పాలు తగ్గించమంటారు. పైన చెప్పిన గ్లాసు జీడిపాలలో ఈ రెండూ తక్కువే. పైగా గింజల్లోని భాస్వరంలో కొంత భాగమే ఒంటికి పడుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ చిక్కగా ఉండాలని పప్పు రెట్టింపు చేస్తే ఈ లాభం హరించుకుపోతుంది. చిక్కటి కొబ్బరిపాలలో 100 మిల్లీలీటర్లకే 200 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటుంది. కొబ్బరినీళ్లూ అంతే. చలవ చేస్తుందని రోగికి కొబ్బరిబొండం కొట్టి ఇవ్వడం ఉద్దానంలో మామూలు. డయాలసిస్‌లో ఉన్నవారికి అది ప్రమాదకరం.

డబ్బా పాలు కొనేవారు చిన్న అక్షరాలు తప్పక చదవాలి. చిక్కదనానికి, కాల్షియం కోసం కలిపే ట్రైకాల్షియం ఫాస్ఫేట్, డైపొటాషియం ఫాస్ఫేట్ వంటివి భాస్వరాన్నే మోసుకొస్తాయి. గింజలో సహజంగా ఉన్నదానికంటే ఇలా కలిపినది చాలా ఎక్కువ శాతం రక్తంలో చేరుతుంది. పేరు విషయంలోనూ గందరగోళం ఉంది. మొక్కల నుంచి తీసిన పానీయాలకు ‘పాలు’ అన్న పేరు వాడరాదన్నది దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ వైఖరి. అలాంటి పేర్లతో ఉన్న సరుకును తొలగించాలని 2021లో ఆన్‌లైన్ అమ్మకందారులను ఆదేశించింది. వాడుకలో స్థిరపడిన కొబ్బరిపాలకు మినహాయింపు ఉంది.

మరో విషయం చాలామంది మరచిపోతారు. డయాలసిస్ రోగికి రోజుకు ఇంత నీరే అని కొలత ఉంటుంది. ఏ పాలైనా ఆ కొలతలోకే వస్తాయి. మాంసకృత్తుల లెక్కా అందరికీ ఒకటి కాదు. డయాలసిస్‌కు ముందు దశలో తగ్గించమంటారు, మొదలయ్యాక పెంచమంటారు. కాబట్టి పొరుగింటి రోగికి సరిపడిన గ్లాసు ఈ ఇంటి రోగికి సరిపడకపోవచ్చు. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. రోగులు పాలు మార్చే ముందు తాజా రక్తపరీక్ష కాగితాన్ని, కొన్న డబ్బాను కూడా వెంట తీసుకెళ్లి తమకు చికిత్స చేస్తున్న వైద్యుడికి చూపించడం మేలు.