ఖాళీ గడి చెప్పని మాట

నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలో నుండినది. రాష్ట్రముల పునర్విభజనతో మెదకు జిల్లాలో చేరినది. 2016లో ఆ ప్రాంతము సంగారెడ్డి జిల్లా పాలైనది. పొలములు కదలలేదు, ఊరు కదలలేదు. జిల్లా మాత్రము రెండు మారులు మారినది. ఈ ఊరిని కంప్యూటరులో నమోదు చేయబూనినవాడు మొదట తేల్చుకొనవలసిన ప్రశ్న యొకటి గలదు: జిల్లా అనునది ఊరికి స్వభావమా, లేక కాలమునకు లోబడిన సంబంధమా? స్వభావమని తలచి ఊరి పక్కన నేటి జిల్లా పేరొక్కటే వ్రాసుకొన్నచో, 1950 నాటి దస్తావేజు అతని లెక్కలో అబద్ధమగును.

సాఫ్టువేరు నిర్మాతలు ఈ విచారణకు భావనా నమూనా అని పేరిడిరి. 1976లో పీటర్ చెన్ లోకమును వస్తువులుగను, వాని గుణములుగను, వాని నడుమ సంబంధములుగను విభజించి చూపెను. తెలుగువాడైన అన్నంభట్టు పదునేడవ శతాబ్దిలోనే తర్కసంగ్రహమున ద్రవ్యము, గుణము, కర్మ, సామాన్యము, విశేషము, సమవాయము, అభావము అని పదార్థములేడు చెప్పెను. అంతమాత్రమున మనవారికి కంప్యూటరు ముందే తెలియుననుట హాస్యాస్పదము. ప్రశ్నలు దగ్గరివి, అంతే.

ఆ ఏడింటిలో కడపటిది విచిత్రమైనది. లేమిని గూడ ఒక పదార్థముగా నెంచి దానిని నాలుగు విధములుగా విడదీసిరి: ఇంకను పుట్టకుండుట, పుట్టి నశించుట, గాలికి రంగు వలె ఎన్నడును లేకుండుట, ఒకటి మరొకటి కాకుండుట. పట్టికలో కౌలుదారు పేరుండవలసిన గడి ఖాళీగా నున్నదనుకొందము. కౌలు ఇంకను కుదరలేదా? కుదిరి ముగిసినదా? లేక వ్రాయువాడు విచారింపనే లేదా? ఈ మూడవది వస్తువు లేమి కాదు, తెలివిడి లేమి. 1970లో పట్టికల సిద్ధాంతమును ప్రతిపాదించిన కాడ్ సయితము 1986లో ఈ ఖాళీని రెండుగా చీల్చవలసి వచ్చినది: ఉండదగియు తెలియనిది, అసలు వర్తింపనిది.

ఖాళీ గడి యున్నను కొంత నయము. గడియే లేకున్న? 2020లో వచ్చిన ధరణిలో పాత పహాణీలోని అనుభవదారు గడికి చోటు దక్కలేదు. పట్టా లేక సాగు చేయు రైతు ఆ లెక్కలో ఉన్నవాడును గాడు, లేనివాడును గాడు. అతనిని గూర్చి అడుగుటకే తావు లేదు. పంట పోయిన యేడు అతడు కచేరీ ముందు నిలిచి "దున్నినది నేనే" అన్నచో, ఎదుటి ఉద్యోగి అబద్ధమాడకయే "నీ పేరెక్కడను లేదయ్యా" అనవచ్చును.

2025 ఏప్రిల్ 14న ధరణికి బదులు భూభారతి వచ్చినది. ఉపాధ్యాయులు పాత పహాణీ నకలొకటి, కొత్త నకలొకటి తరగతిలో పక్కపక్కన పరచి, ఏ గడి ఏ ప్రశ్నకు జవాబో పిల్లలచేత చెప్పింపవచ్చును.