మీకు తెలుసా? కొత్త కంపెనీకి జీఎస్టీ ఎప్పుడు మొదలవుతుందో!

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కొత్తగా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడితే ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్‌తో పాటే పాన్, టాన్ వచ్చేస్తాయి. జీఎస్టీ నంబరు ఆ రోజే ఉండాలని లేదు. కావాలనుకుంటే అప్పుడే అడగవచ్చు. లేదంటే మామూలుగా ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటాకే.

ఈ 20 లక్షల సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. సరుకులు మాత్రమే అమ్మేవారికి 2019 ఏప్రిల్ 1 నుంచి చాలా రాష్ట్రాల్లో పరిమితి 40 లక్షలైంది. తెలంగాణ 20 దగ్గరే ఆగింది. అందుకే సాగర్ ఎడమగట్టున హార్డ్‌వేర్ దుకాణానికి 20 లక్షలైతే, కృష్ణ దాటి మాచర్లలో అదే దుకాణానికి 40 లక్షలు. అలంపూర్‌కూ కర్నూలుకూ మధ్య ఇదే తేడా, కృష్ణా స్టేషన్‌కూ రాయచూరుకూ మధ్య ఇదే. అవతలి ఒడ్డు చుట్టాలు చెప్పిన లెక్క నమ్మి ఇక్కడ ఊరుకుంటే చిక్కే. మన చిన్న వ్యాపారికి ఇది న్యాయం కాదనే నా అభిప్రాయం.

టర్నోవర్‌లో పన్ను లేని సరుకూ కలుస్తుందని తెలుసా? మిర్యాలగూడలో ఒక కిరాణం కొట్టు ఏడాదికి విడి బియ్యం 15 లక్షలకు, సబ్బులు, నూనెలు 6 లక్షలకు అమ్మిందనుకోండి. బియ్యం మీద పన్ను లేదు. అయినా మొత్తం 21 లక్షలు, రిజిస్ట్రేషన్ తప్పదు. అదే పాన్ మీద దేవరకొండలో ఇంకో కొట్టుంటే దాని అమ్మకమూ ఇందులోకే వస్తుంది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

నల్లగొండ బత్తాయి రైతు తన తోట కాయ ఎంతకు అమ్ముకున్నా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రసం తీసి సీసాల్లో అమ్మితే మాత్రం లెక్క మొదలైనట్టే.

పన్ను పడే సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే 20 లక్షల మాటే లేదు, మొదటి అమ్మకం నుంచే నంబరు కావాలి. సేవలకు, కొన్ని చేతివృత్తుల సరుకులకు సడలింపు ఉంది.

పరిమితి దాటాక గడువు 30 రోజులు. ఆలోగా దరఖాస్తు చేస్తే, అప్పటికి కొట్లో ఉన్న సరుకు మీద కట్టిన పన్నుకు క్రెడిట్ దొరుకుతుంది. ఆలస్యమైతే ఆ డబ్బు పోయినట్టే. అసలే తీసుకోకపోతే జరిమానా 10,000 రూపాయలు లేదా ఎగ్గొట్టిన పన్ను, రెంటిలో ఏది ఎక్కువైతే అది. రిజిస్ట్రేషన్‌కు సర్కారు ఫీజు మాత్రం ఒక్క రూపాయి కూడా లేదు.

ఉద్యోగుల వృత్తి పన్ను దారి వేరు, దానికి టర్నోవర్‌తో పని లేదు. నెల జీతం 15,000 దాటిన ఉద్యోగి ఒక్కరున్నా, ఆ పన్ను జీతంలో పట్టి కట్టాల్సింది కంపెనీయే.