తాకక విడిచిన కాగితము

సంగారెడ్డి చెంత, మంజీరా బరాజుకు చేరువనున్న కల్పగూరులో, పాతగుడి రాతిగోడలపై పడమటియెండ వ్రాలు వేళ, రాయి యెంతవరకో వెలుగు యెంతవరకో తెలియరాని క్షణమొకటి కలదు. అట్టి క్షణమును కాగితమున నిలుపుటకే పదునేడవ శతాబ్దపు హాలండు చిత్రకారులు పలువురు, మబ్బులు క్రమ్మిన తమ పల్లపునేలను విడిచి, ఆల్ప్సు పర్వతములు దాటి రోముకు పోయిరి.

వారిలో బార్తొలొమేయస్ బ్రేన్‌బెర్గ్ (1598–1657) నా యభిప్రాయమున అగ్రగణ్యుడు. ఇంచుమించు ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున 1619లో రోము చేరి, సుమారు పదేండ్లు అచ్చటనే యుండి, ఆ ప్రాంతపు శిథిలభవనములను, బురుజులను, నీటియొడ్డున నిలిచిన పాతయిండ్లను ఈకకలముతో రేఖించి, గోధుమవన్నె సిరాను నీట పలుచన చేసి కుంచెతో నీడలద్దెను. ఎండకు మాత్రము రంగు వాడలేదు; ఎండ పడిన గోడ యెచ్చట నున్నదో అచ్చట తెల్లకాగితమును తాకక విడిచిపెట్టుటయే ఆ విద్యలోని మర్మము. గీసిన గీతకంటె గీయక విడిచిన చోటును ముందుగా నెరుగుటయే కష్టతరమని నా దృఢవిశ్వాసము. పెచ్చులూడిన గోడకును రాజప్రాసాదముతో సమానమైన మర్యాద నిచ్చిన ఆ చూపును నేను ప్రేమింతును.

ఆనాటి సిరాలలో నొకటి మాచికాయ కషాయమున ఇనుముగల అన్నభేది కలిపి చేసినది. పటాన్‌చెరు, పాశమైలారము కర్మాగారములలో రసాయనములతో నిత్యసహవాసము గలవారు దీనిని ఇట్టే గ్రహింతురు: కాయలోని వగరు ఇనుముతో కూడి గాలి సోకగా నలుపు పుట్టును, కాలక్రమమున అది గోధుమవన్నెకు తిరుగును, ఒక్కొక్కయెడ తన ఆమ్లముచే కాగితమునే తినివేయును. మన కలంకారీ పనివారు బట్టకు కరక్కాయ కషాయము పట్టించి, బెల్లపునీట ఇనుపముక్కలను ఊరవైచి తీసిన ద్రవముతో నల్లగీత గీయుటయు ఈ ధర్మము ననుసరించియే. బ్రేన్‌బెర్గ్ రోములో గీయుచున్న దినములలోనే, అతని దేశపు వర్తకులు మచిలీపట్నమున కోఠీ పెట్టుకొని గోలకొండ రాజ్యపు అద్దకపుబట్టలను కొనుచుండిరి. ఒకే వగరు, ఒకే ఇనుము, అచ్చట కాగితముపై, ఇచ్చట నూలుబట్టపై!

ఇటలీ వెలుగుపై మోహము స్వదేశము వీడనివారిని సైతము ఆవరించెను. హేగు నగరమున న్యాయవాదిగానున్న యాన్ ద బిస్‌చోప్ (1628–1671) ఇటలీకి పోయినట్లు ఆధారము లేదు. అయినను అన్యుల చిత్రములను ముందుంచుకొని రోము దృశ్యములను ఎంతో వెచ్చగా గీసెను. ఆతడు వాడిన బంగారుచాయ గోధుమసిరాకు ఆతని పేరే స్థిరపడినది.